మూడో స్టేజీలో పిట్ట

2, సోమవారం

స్కూలు వాళ్ళు అడిగిన రిపోర్టు రాయడానికి ఈ నోట్‌బుక్ కొన్నాను. రిపోర్టు ఒకటిన్నర పేజీలో అయిపోయింది. మిగతా కాగితాలు తెల్లమొహం వేసుకుని చూస్తుంటే ఊరుకోలేక మొదలుపెట్టాను. ఇది ఎవరికీ చూపించేది కాదు. ఇంటావిడకి అసలే కాదు.

రిపోర్టులో ఏం రాశానో ఇక్కడా రాసిపెట్టుకుంటాను, రేపు ఎవరైనా అడిగితే మాట మారకుండా. "శుక్రవారం సాయంత్రం పిల్లలందరూ ఎక్కాక ఆయా రైట్ రైట్ అంది. బండి కదిలించాను. గేటు దగ్గరికి రాగానే ఆయా ఉన్నట్టుండి హోల్డాన్ అని కేక పెట్టింది. ఆ కేకకి బెదిరి స్టీరింగు తిప్పాను. బండి ఎడమ పక్క గేటు స్తంభానికి గీసుకుంది. బండి దగ్గర పిల్ల ఎవరూ లేరు."

ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

ఆయమ్మ మాత్రం పిల్ల ఉందంటుంది. ఒకటో తరగతి పిల్లట. మా బండి పిల్ల కూడా కాదు, నడిచి వెళ్ళే పిల్ల. నీళ్ళ సీసా జారిపడితే తీసుకోవడానికి ఎడమ చక్రం దగ్గర వంగిందట. పసుపు రంగు రెయిన్‌కోటు వేసుకుందట. పసుపు రంగు! ఆమడ దూరం నుంచి కొట్టొచ్చినట్టు కనబడే రంగు. అది నాకు కనబడలేదంటే నా కళ్ళు నెత్తికెక్కాయా?

"ఏ పిల్ల?" అని అందరి ముందూ అడిగాను.

"అదేంటన్నా అలా అంటారు? మీ పక్కనే కదా..."

"ఏ పిల్లమ్మా?" అని మళ్ళీ అడిగాను. ఆవిడకి ఏడుపొచ్చేసింది. ఆ పిల్లని పిలిచి అడిగితే వాళ్ళమ్మ వెనక దాక్కుంది, నోరు విప్పలేదు. కాపలా అతను అవతలి తలుపు తీస్తున్నాడట, ఏమీ చూడలేదన్నాడు.

మేనేజరు మర్యాదస్తుడే. "మీ మాట మీద నాకు నమ్మకముంది పెద్దాయనా. కానీ పద్ధతి పద్ధతే" అన్నాడు. మూడు వారాలు బండి ముట్టుకోకూడదు. కళ్ళ డాక్టరు సంతకం తేవాలి. ఇరవైమూడున రోడ్డు టెస్టు. ఆయమ్మ సంగతి కూడా ఆ రోజే తేలుస్తారు. లేని పిల్లని చూపించి హోల్డాన్ చెప్పిందని తేలితే ఆవిడని తీసేస్తారు. అందాకా రావద్దన్నారు.

ఇరవై ఆరేళ్ళు నడిపాను. బండికి గోటి గీత పడనివ్వలేదు. ఇప్పుడు ఒక మనిషి ఊరికే అరిచినందుకు ఇంట్లో కూర్చుని నోట్‌బుక్కులో రాసుకోవాల్సి వచ్చింది.

3, మంగళవారం

బావమరిది వచ్చాడు. వాడికి పాత టీవీలు, రేడియోలు బాగుచేసే కొట్టుంది. చంకలో ఒక అట్టపెట్టె. "ఇంట్లో కూర్చుని మా అక్కని కాల్చుకు తింటావని తెచ్చా బావా" అన్నాడు. లోపల బూడిద రంగు డబ్బా, టీవీకి తగిలించే ఆటపెట్టె. వాడి ఈడువాళ్ళు చిన్నప్పుడు కొట్లాడుకుని ఆడుకున్న కాలం నాటిది. ఎవరో రిపేరుకిచ్చి మళ్ళీ మొహం చూపించలేదట.

ఆట వేరే బిళ్ళలో ఉంటుంది. పుస్తకమంత మందం. దాని మీది కాగితం ఊడిపోయింది కాబట్టి ఆట పేరేమిటో దేవుడికే తెలియాలి. బిళ్ళ తీసి, కిందివైపు నోటితో ఉఫ్ మని ఊది, డబ్బాలో నొక్కాలి. "ఊదకపోతే?" అన్నాను. "ఊదాలంతే. ఎందుకని అడక్కు, అందరం ఊదేవాళ్ళం" అన్నాడు.

టీవీలో ఒక బుడ్డోడు వచ్చాడు. చేతిలో గొడుగు. గళ్ళ కాగితం మీద రంగులు నింపి చేసినట్టున్నాడు, ముక్కు ఎక్కడుందో కూడా తెలియదు. నేను గొడుగోడు అని పేరు పెట్టాను. ఒక బటన్ నొక్కితే గెంతుతాడు, ఇంకోటి నొక్కితే గొడుగు విప్పి మెల్లగా దిగుతాడు. గోతులుంటాయి, నత్తలుంటాయి. నత్త తగిలితే కాళ్ళు పైకి పెట్టి చచ్చిపోతాడు. మూడు ప్రాణాలు. అవి అయిపోతే మళ్ళీ మొదటి నుంచి.

నేను మొదటి నత్తకే చచ్చాను. మూడుసార్లూ అదే నత్త. అది నడిచొస్తోంది, పరిగెత్తుకు రావట్లేదు కూడా. బావమరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇరవై ఆరేళ్ళ సర్వీసు, నత్తకి దారివ్వలేకపోయావు!"

వాడు వెళ్ళాక పెట్టె తిరిగి అట్టలో పెట్టేశాను. చిన్నపిల్లల వ్యవహారం.

4, బుధవారం

నత్తని దాటాను. అయిదు నత్తల్ని దాటాను.

5, గురువారం

పొద్దున్నుంచి ఆడాను, ఒప్పుకుంటున్నాను. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, ఇది నా ఉద్యోగం లాంటిదే. గొడుగోడు ఎప్పుడూ కుడివైపే వెళతాడు. దారంతా అటే. వెనక్కి వెళ్ళే పనే లేదు. ఇంటావిడ "అటే ఎందుకు వెళ్తున్నాడు?" అంటే "రైట్ రైట్ అన్నారు కదా మరి" అన్నాను. చాలా రోజులకి నవ్వింది.

వచ్చేవన్నీ ఎదురుగా వస్తాయి. నత్తలు, దొర్లే రాళ్ళు, రెండో స్టేజీలో వంతెన మీద కప్పలు. ముందు చూపు ఉండాలి, తొందర ఉండకూడదు. రోడ్డు మీద నాకు ఎవరూ నేర్పనవసరం లేని పని ఇదే. స్విచ్చి ఆపితే చాలు, దాటిందంతా పోతుంది, రేపు మళ్ళీ మొదటి గోతి నుంచే. అదీ మాకలవాటే. రోజూ షెడ్డు నుంచే బయల్దేరాలి కదా.

సాయంత్రం టీ గ్లాసు మోచేతికి తగిలి ఒలికింది. ఇంటావిడ చెప్పకుండా పక్కన పెట్టేస్తుంది. ఈ మధ్య ఇది నాలుగో గ్లాసు. "చెప్పే పెట్టానండీ" అంటుంది. గొణిగితే వినబడుతుందా?

6, శుక్రవారం

కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. గోడకి అక్షరాల చార్టు. కింది వరస దాకా గడగడా చదివేశాను. అక్కడి నర్సు "మొదటి అక్షరం వదిలేస్తున్నారేంటండీ, తొందరా?" అంది. వదల్లేదు. చార్టు పాతది, మొదటి అక్షరాలు చెరిగిపోయాయి. ఆ మాటే చెప్పాను. ఆవిడ చార్టు వైపు చూసింది, బయట కూర్చున్న జనాన్ని చూసింది. "సరే, తల కాస్త తిప్పి చదవండి" అంది. తిప్పి చదివాను. డాక్టరు సంతకం పెట్టేశాడు.

సంతకం జేబులో ఉంది. ఇంక ఎవరి నోరూ లేవదు.

8, ఆదివారం

మూడో స్టేజీకి చేరాను! ఇళ్ళ పైకప్పుల మీద నడక, గాలి. గొడుగు విప్పితే గాలికి ఎగిరి ఒక కప్పు నుంచి ఇంకో కప్పు మీదికి. బాగుంది. కానీ పొగగొట్టం దాటగానే గొడుగోడు ఊరికే చచ్చిపోతున్నాడు. ఎదురుగా ఏమీ లేదు. నత్త లేదు, రాయి లేదు. ఉన్నట్టుండి కాళ్ళు పైకి.

9, సోమవారం

పొగగొట్టం దగ్గర ఊరికే చచ్చిపోతున్నాడు.

10, మంగళవారం

పొగగొట్టం దగ్గర ఊరికే చచ్చిపోతున్నాడు. పదిహేనుసార్లు. బిళ్ళ ఊదాను. వైరు బిగించాను. పాత సరుకు, లోపల కనెక్షన్ లూజయి ఉంటుంది.

ఇంటావిడ ఈ పుస్తకం వైపు వంగి "ఎడమ పక్క అంత ఖాళీ వదిలేస్తున్నారేంటండీ? కాగితాలు ఊరికే వచ్చాయా?" అంది. మార్జిన్ అన్నాను. మూసేశాను. చదవలేదనే అనుకుంటున్నాను.

11, బుధవారం

ఆయమ్మ ఇంటికొచ్చింది.

నేను వరండాలో కుర్చీలో కూర్చుని వీధి చూస్తున్నాను. ఉన్నట్టుండి చెవి పక్కన "అన్నా" అని వినబడింది. తిరిగి చూస్తే ఎడమ పక్క మెట్టు మీద నిలబడి ఉంది.

"దొంగలా అలా వచ్చి నిలబడ్డావేంటమ్మా!"

"వచ్చి అయిదు నిమిషాలైందన్నా. గేటు తీసుకుని మీ కళ్ళ ముందే నడిచొచ్చా. చూసి కూడా చూడనట్టు కూర్చున్నారు. పగవాళ్ళు కూడా రమ్మంటారు."

నాకు ఒళ్ళు మండింది. నేను ఆ రకం మనిషిని కాదు. గేటు చప్పుడు చెయ్యలేదేమోనన్నాను. ఆ మాట పట్టించుకోలేదు. కూర్చోమంటే కూర్చోలేదు. బండి తలుపు దగ్గర నిలబడ్డట్టే స్తంభం పట్టుకుని నిలబడింది.

"ఒక్క మాట అడగడానికొచ్చా. పిల్ల లేదని మీరు నిజంగా అనుకుంటున్నారా, ఉద్యోగం కోసం అంటున్నారా?"

"లేని పిల్లని ఉందని ఎలా అంటానమ్మా?"

"పదకొండేళ్ళు మీ బండి తలుపు దగ్గర నిలబడ్డా. ఒక్కసారైనా ఉత్తుత్తి హోల్డాన్ చెప్పానా? పిల్లలు నన్ను హోల్డానమ్మ అని వెక్కిరిస్తారే గానీ, వాళ్ళకి కూడా తెలుసు, నేనంటే ఆగాలని."

చెప్పలేదు, నిజమే. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదు.

"మీరు అబద్ధమాడుతుంటే నాలుగు తిట్టుకుని పోయేదాన్నన్నా. మీ మొహం చూస్తే ఆడుతున్నట్టు లేదు. అదే నాకు భయంగా ఉంది" అని దిగి వెళ్ళిపోయింది.

భయమట! ఏం భయం? నా సంతకం నా జేబులో ఉంది.

12, గురువారం

పొగగొట్టం. ఊరికే.

13, శుక్రవారం

బావమరిదిని పిలిచి పెట్టె మొహాన కొట్టినంత పని చేశాను. "చెత్త అంటగట్టావు. మూడో స్టేజీలో కారణం లేకుండా చచ్చిపోతున్నాడు" అన్నాను. వాడు డబ్బా విప్పాడు, తుడిచాడు, మళ్ళీ బిగించాడు. ఏ లోపమూ లేదన్నాడు. "ఏదీ, నువ్వు ఆడు, నేను చూస్తా" అని నా ఎడమ పక్క బల్ల మీద కూర్చున్నాడు.

ఆడాను. నత్తలు, వంతెన, కప్పలు. "అబ్బో" అన్నాడు. పైకప్పులెక్కాం. పొగగొట్టం దాటాను. కాళ్ళు పైకి.

"చూశావా?" అన్నాను.

"ఏం చూశావా? దాన్ని దాటొద్దూ? ఎదురు చూస్తూ నిలబడ్డావేంటి?"

"దేన్ని?"

"పిట్టని."

"ఏ పిట్ట?"

నవ్వాడు. నేను నవ్వలేదని చూసి ఆపేశాడు. "ఇంకోసారి ఆడు బావా" అన్నాడు మెల్లగా. ఆడాను. పొగగొట్టం దగ్గరికి రాగానే "అదిగో, వచ్చింది, వెనక నుంచి, నల్లగా, ఇంతుంది... బావా, గెంతు!" అని అరిచాడు. కాళ్ళు పైకి.

"ఏ పిట్టరా?" అన్నాను.

వాడు నా మొహంలోకి చూస్తున్నాడు. టీవీ వైపు కాదు. "బావా, ఆ పిట్ట నీకు కనబడట్లేదా?" అన్నాడు.

నేను టీవీ కట్టేశాను. తలనొప్పిగా ఉందన్నాను. వాడు వెళుతూ వెళుతూ వంటింట్లో అక్కతో ఏదో గుసగుసలాడాడు.

14, శనివారం

ఆడలేదు.

ఏ పిల్ల అని అడిగాను. ఏ పిట్ట అని అడిగాను. రెండూ నా నోటి నుంచే వచ్చాయి, ఒకే రకంగా వచ్చాయి. రెండింటికీ సంబంధం లేదు. ఒకటి ఆట.

15, ఆదివారం

ఇంటావిడ బజారుకెళ్ళాక పెట్టె తగిలించాను. పొగగొట్టం దాకా వచ్చి, గొడుగోడిని చూడటం మానేసి టీవీ ఎడమ అంచుకేసి చూస్తూ కూర్చున్నాను.

పిట్ట వచ్చింది.

ఎంత నిదానంగా వచ్చిందని! నేను మెరుపులా వస్తుందనుకున్నాను. రెక్కలు పైకి, కిందికి, పైకి, కిందికి, ఊరేగింపులా వచ్చింది. పెద్దది. గొడుగోడికి రెండింతలుంది. అంత పిట్ట. కళ్ళు గొడుగోడి మీదికి తిప్పాను. పిట్ట లేదు. నల్లటి మచ్చ లేదు, మసక లేదు. పైకప్పు, ఆకాశం, అన్నీ మామూలుగానే ఉన్నాయి, పిట్టే లేదు. అంచుకేసి చూశాను. ఉంది. 

రాత సరిగా రావట్లేదు.

నెల కిందట ఆదివారం తల పగిలిపోయేంత నొప్పి వచ్చి వాంతి అయింది. పడుకుని లేచాక తగ్గింది. టీ గ్లాసులు అప్పటి నుంచే.

16, సోమవారం

ఒక సంగతి కనిపెట్టాను. మెడ తిప్పితే సరిపోతుంది. జబ్బూ లేదు, గిబ్బూ లేదు. అందరూ ఎడమ వైపు చూడటం మర్చిపోతారు, నేను కాస్త ఎక్కువ మర్చిపోతున్నాను. అంతే. ఇంకా వారం ఉంది.

17, మంగళవారం

ఎడమ అంచు, గొడుగోడు, ఎడమ అంచు, గొడుగోడు. నోటితో లెక్కపెట్టుకుంటూ ఆడుతున్నాను. ఆరుసార్లు చచ్చాను, ఏడోసారి పిట్ట మీద కాలు పెట్టి గెంతాను! "టుయ్" మని మోగింది. కుర్చీలోంచి లేచిపోయాను.

ఇంటావిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది. "మెడ పట్టేసిందా? అలా కొంగలా తిప్పుతున్నారేంటి?"

"వ్యాయామం."

"పెద్ద డాక్టరుకి చూపించుకుందామండీ. తమ్ముడు చెప్పాడు."

"వాడు డాక్టరా? రేడియోలు చేసుకోమను."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నేను చూడనట్టు ఉన్నాను. అది మాత్రం చూశాను.

18, బుధవారం

పిట్టని నాలుగుకి నాలుగుసార్లూ దాటాను. పొగగొట్టం దాటి రెండడుగులు, గెంతు. ఇప్పుడు చూడకుండానే దాటగలను.

20, శుక్రవారం

ఆట అయిపోయింది. గెలిచాను! ఆరు స్టేజీలు. చివర్లో గొడుగోడు ఒక చిన్న ఇంటి ముందు ఆగి, గొడుగు ముడిచి, తలుపు తీసుకుని లోపలికెళ్ళాడు. కిటికీలో దీపం వెలిగింది. అంతే. ఇరవై రోజుల్లో మొదటిసారి భోజనం రుచిగా అనిపించింది. ఇరవైమూడో తేదీ నాదే.

తిని వచ్చేసరికి ఎవరూ అడక్కుండానే ఆట మళ్ళీ మొదలైంది. అదే పచ్చిక, అదే గొడుగోడు. ఆడుతూ ఉన్నాను. మొదటి నత్త దగ్గరికి కూడా చేరకుండానే కాళ్ళు పైకి.

21, శనివారం

రెండో రౌండులో పిట్టలు చోటు మార్చుకున్నాయి. మొదటి స్టేజీలోనే ఉన్నాయి. ఒకసారి గోతి దగ్గర వస్తుంది, ఒకసారి చెట్టు దగ్గర. ఎడమ అంచు చూస్తే ఎదురుగా నత్త కొడుతుంది, నత్తని చూస్తే పిట్ట కొడుతుంది. పదకొండు సార్లు ఆడాను. ఒక్కసారి కూడా నాలుగో నత్త దాకా వెళ్ళలేదు.

ఇది అన్యాయం. చెప్పకుండా చోటు మారిస్తే ఎవడు మాత్రం

22, ఆదివారం

రేపే. మెడ బాగానే తిరుగుతోంది.

23, సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. స్కూలు ఆవరణలో పిల్లలు మూలమూలలా ఉన్నారు. బండి ఎడమ పక్క గీతకి రంగు వేశారు గానీ, కలవలేదు. మేనేజరు నా వెనక సీట్లో అట్ట, కాగితాలు పట్టుకుని కూర్చున్నాడు. తలుపు దగ్గర కొత్త ఆయా, చిన్నపిల్ల, పాతికేళ్ళుండవు. ఆఫీసు గది బయట బెంచీ మీద మా ఆయమ్మ కూర్చుని ఉంది. విచారణకి పిలిచారు. నా వైపు చూడలేదు.

తాళం తిప్పాను. బండి చప్పుడుకి ప్రాణం లేచొచ్చింది. ఎడమకి చూశాను. అద్దం, చక్రం, స్తంభం, ఖాళీ. కుడికి చూశాను. ఖాళీ. ఎదురుగా గేటు.

"రైట్ రైట్!" అంది కొత్త ఆయా.

క్లచ్చి మీద కాలుంది. మళ్ళీ ఎడమకి చూశాను, ఖాళీ. ఎదురుగా చూశాను. ఎదురుగా చూస్తున్న ఆ క్షణంలో ఎడమ పక్క ఏముందో నాకు తెలియదు. ఖాళీ అనిపిస్తోంది. పొగగొట్టం దగ్గర కూడా ఖాళీ అనే అనిపించింది. మూడో స్టేజీ పిట్టని నేను చూసి దాటలేదు, అది ఎప్పుడొస్తుందో కంఠతా వచ్చింది కాబట్టి దాటాను. నీళ్ళ సీసా ఏ పిల్ల చేతిలోంచి ఎప్పుడు జారుతుందో ఎవరికి కంఠతా వస్తుంది?

"వెళ్దాం పెద్దాయనా" అన్నాడు మేనేజరు.

"రైట్ రైట్!"

"హోల్డాన్" అన్నాను.

నేనే అన్నాను. గట్టిగానే వచ్చింది. డ్రైవరు హోల్డాన్ అనడమేమిటని కొత్త ఆయా కిసుక్కున నవ్వింది. బ్రేకు లాగాను, ఇంజను ఆపాను, తాళం తీసి మేనేజరు చేతిలో పెట్టాను.

"పిల్ల ఉంది సార్" అన్నాను.

అతను కంగారుగా లేచి కిటికీలోంచి చూశాడు. "ఏ పిల్ల?"

"ఇప్పుడు కాదు సార్. ఆ శుక్రవారం. ఆయమ్మ చూసింది. నేను చూడలేదు. నాకు ఎడమ పక్క కనబడట్లేదు. ఆవిడ అరవకపోతే..."

తర్వాతి మాట నోటికి రాలేదు. ఇప్పుడు రాయడానికీ రావట్లేదు. 

రిపోర్టు వెనక్కి అడిగి తీసుకుని, అక్కడే బల్ల మీద ఇంకోటి రాశాను. మేనేజరు చదివి "ఎడమ పక్క సగం కాగితం వదిలేశారు" అన్నాడు. బయటికొచ్చేసరికి బెంచీ దగ్గర ఆయమ్మ నిలబడి ఉంది. నేను దండం పెట్టాను. ఆవిడ తిరిగి పెట్టలేదు. 

25, బుధవారం

పెద్ద డాక్టరు. తల వెనక చిన్న రక్తనాళం మూసుకుపోయిందట. కళ్ళు భేషుగ్గా ఉన్నాయట, మెదడులో చూసింది అందుకునే చోట సగం పోయిందట. రెండు కళ్ళకీ ఎడమ సగం. "చీకటిగా ఉండదు, అసలు లేనట్టే ఉంటుంది. అందుకే చాలామంది కనిపెట్టలేరు" అన్నాడు. మీరెలా కనిపెట్టారని అడిగాడు. పిట్ట అన్నాను. ఇంటావిడ వివరించింది.

మళ్ళీ వస్తుందా అని అడిగాను. కొంత రావచ్చు, రాకపోవచ్చు. బండి మాత్రం వద్దన్నాడు. ఎన్నాళ్ళు అని అడగలేదు. ఇంటికొచ్చాక స్నానాల గదిలో తలుపు వేసుకుని ఏడ్చాను. ఇరవై ఆరేళ్ళు.

27, శుక్రవారం

ఆయమ్మ ఇంటికెళ్ళాను, ఇంటావిడ చెయ్యి పట్టుకుని. ఆవిడ కూర్చోమనలేదు. "మూడు వారాలు నా నోట్లో మట్టి కొట్టారన్నా. నేనేమో మా ఇంట్లో వాళ్ళకి కూడా పిల్ల ఉందని ఒట్టేసి చెప్పుకోవాల్సి వచ్చింది. చివరికి ఆ పిల్ల నిజంగా ఉందా, నాకే పిచ్చెక్కిందా అనుకున్నా" అంది. ఆట సంగతి, పిట్ట సంగతి చెప్పి తప్పయిపోయిందన్నాను. "అయింది" అంది. సోమవారం నుంచి పనిలోకి వెళుతోందట. గుమ్మం నుంచే వచ్చేశాం.

5, ఆదివారం

పాత నోట్‌బుక్ అయిపోయింది. సగం సగం పేజీలు రాస్తే అవదా మరి! కొత్తది ఇంటావిడ కొంది. ప్రతి పేజీకీ ఎడమ అంచున ఎర్ర పెన్నుతో పైనుంచి కిందికి గీత గీసి ఇచ్చింది. "గీత కనబడేదాకా చూపు జరపండి, అప్పుడు మొదలుపెట్టండి" అంది. నూట తొంభై రెండు పేజీలు, మొత్తం గీసింది. ఇప్పుడు గీత పక్కనే రాస్తున్నాను. అంటే పాతది చదివేసిందన్నమాట.

సాయంత్రం ఆయమ్మ వచ్చింది. బండిలో నేను మర్చిపోయిన సీటు దిండు, తువ్వాలు, ఎండకి పెట్టుకునే నల్ల కళ్ళజోడు సంచీలో వేసుకుని తెచ్చింది. గేటు దగ్గర నుంచే "అన్నా, వస్తున్నా, ఎడమ పక్క నుంచి వస్తున్నా" అని అరుచుకుంటూ వచ్చింది. వెక్కిరింపో, మంచితనమో తెలియలేదు. రెండూ అయ్యుంటాయి.

సంచీ ఇచ్చి వెళ్ళిపోతుందనుకున్నాను. టీవీలో గొడుగోడిని చూసి ఆగింది. "ఇదేనా ఆ ఆట? ఏదీ, ఆ పిట్టని చూపించండి" అంది.

"నాకెలా కనబడుతుందమ్మా చూపించడానికి?"

నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. కూర్చోమంటే కూర్చోలేదు. నా కుర్చీకి ఎడమ పక్క నిలబడి, కుర్చీ కమ్మీ పట్టుకుంది. రెండో రౌండు, మొదటి స్టేజీ. నేను ఎదురుగా మాత్రమే చూస్తున్నాను. మెడ తిప్పలేదు.

"రైట్ రైట్" అంది.

వెళ్ళాను. నత్తని దాటాను.

"రైట్ రైట్."

గోతి దాటాను. రెండో నత్త, మూడో నత్త. ఎదురుగా దారి ఖాళీగా ఉంది. ఎటు చూసినా ఖాళీగా ఉంది.

"హోల్డాన్!"

ఆగాను.

"వెళ్ళిపోయింది. రైట్ రైట్."

పిట్ట నాకు కనబడలేదు.